గొంతు లేని లెక్చరరు

పద్మనాభయ్యగారిది మామూలు గొంతు కాదు. ఆయన పి.యు.సి. పిల్లలకు ఫిజిక్సు పాఠం చెబుతుంటే, కాలేజీ ముందు విడవలూరు రోడ్డున పోయే బండివాళ్లకు కూడా వినబడేది. పాఠమంతా ఇంగ్లీషులోనే గనక వాళ్లకు అర్థమయ్యేది కాదు. వినబడడం మాత్రం బాగా వినబడేది. "అయ్యోరు ఇంకా కామా కాడే ఉండాడబ్బా" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఆయన కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చదివేవారు మరి.

ఆయన పాఠం చెప్పే తీరే అది. ఒక వాక్యం చెప్పడం, అదే వాక్యం మళ్లీ చెప్పడం, పిల్లలు రాసుకున్నారని నమ్మకం కుదిరాక ఇంకో వాక్యానికి పోవడం. గంట కొట్టేదాకా తల ఎత్తిన పిల్లవాడు ఉండడు. చీమ చిటుక్కుమన్నా వినబడేది ఆ గదిలో.

అది ఆయన బద్ధకంతో చేసిన పని కాదు. విడవలూరు పక్క పల్లెలో వరి పండించుకునే ఇంట పుట్టి, ఆ ఇంట్లో మొదటగా కాలేజీ గడప తొక్కిన మనిషి ఆయన. మద్రాసు కాలేజీలో పాఠం చెప్పే దొరగారి ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థంకాక హాస్టలు గోడకు ఆనుకుని ఏడ్చిన రోజులున్నాయి. చివరికి ఎవరో పుణ్యాత్ముడు చెప్పిన నోట్సు బట్టీపట్టి గట్టెక్కారు. అందుకే, తనలాగే పల్లెల నుంచి, సముద్రం ఒడ్డు నుంచి వచ్చే పిల్లలకు తాను చేయగల మేలు మంచి నోట్సు ఇవ్వడమేనని గట్టిగా నమ్మారు. పిల్లలు పాసయ్యేవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలు ఎదురుపడితే దణ్ణాలు పెట్టేవాళ్లు. ఇంకేం కావాలి మనిషికి?

1964లో ఎండాకాలం సెలవుల్లో బాటనీ లెక్చరరు ఆనందకుమారి మద్రాసులో జరిగిన శిక్షణకు వెళ్లొచ్చింది. బోగోలు దగ్గర మిషన్ బడిపంతులు కూతురు, ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి. అక్కడ నేర్చుకున్నది మిగతా లెక్చరర్లకు చెప్పమని ప్రిన్సిపాలు పురమాయించాడు. ఆమె స్టాఫ్ రూములో నిలబడి, మనం చెప్పుకుంటూ పోతే పిల్లలకు రాదనీ, పిల్లల చేత ఆలోచింపజేయాలనీ, ఒకరితో ఒకరిని మాట్లాడించాలనీ చెప్పింది.

అందరికంటే ముందు నవ్వింది పద్మనాభయ్యగారే. "అమ్మా, ఇది కాలేజీ. మీ సండేస్కూలు కాదు, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పించేదానికి."

"మా సండేస్కూల్లో గూడా బైబిలు వాక్యాలు ఒప్పజెప్పించుకోవడమే సార్. అక్కడా ఇదే జబ్బు" అన్నది ఆనందకుమారి.

ఇంకోసారి నవ్వులు. ఆ సంగతి అంతటితో చప్పబడిపోయింది.

ఆగస్టు నెలాఖరున ఒకనాడు పద్మనాభయ్యగారు వాక్యం రెండోసారి చెప్పబోతే గొంతు పెగల్లేదు. దగ్గారు. మంచినీళ్లు తాగారు. మళ్లీ నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు పెన్నులు కాగితం మీద ఆనించి పట్టుకుని, తలలు వంచుకునే ఎదురుచూస్తున్నారు. ఆయనకు అంత భయం జన్మలో ఎప్పుడూ వేయలేదు.

నెల్లూరులో డాక్టరు అద్దం పెట్టి చూసి, గొంతులో కాయలు కట్టాయన్నాడు. క్రిస్మసు సెలవులు దగ్గరపడేదాకా ఒక్క మాట కూడా పలకకూడదు, గుసగుస కూడా పనికిరాదు, మాట్లాడితే ఇక ఆ గొంతు మీద ఆశ వదులుకోవలసిందే అన్నాడు.

కబురు కాలేజీ కరస్పాండెంటు చెంచురామయ్యకు చేరింది. కాలేజీకి స్థలం ఇచ్చింది ఆయనే, మాట చెల్లేదీ ఆయనదే. పద్మనాభయ్యగారిని ఎదురుగా నిలబెట్టుకునే ప్రిన్సిపాలుతో అన్నాడు: "గొంతు లేని లెక్చరర్ని పెట్టుకోని ఏం చేసుకునేదయ్యా? హరిదాసుకు గొంతు పోతే కథ చెప్పించుకుంటామా?"

ప్రిన్సిపాలు బతిమాలాడు. చెంచురామయ్య చివరికి, "సరే, సెలవుల ముందర నేనే వచ్చి క్లాసులో కూర్చుంటా. పాఠం నడస్తా ఉంటే ఉంటాడు. లేకుంటే వేరే మనిషిని చూసుకుంటాం" అన్నాడు. కావాలంటే ఈలోపు నోట్సు బోర్డు మీద రాసిపెట్టమని కూడా అన్నాడు. అదీ చేసి చూశారు పద్మనాభయ్యగారు. చెప్పినంత వేగంగా చెయ్యి ఆడలేదు. పాఠాలు వెనకబడ్డాయి, ముంజేయి వాచింది.

ఆనందకుమారి దగ్గరికి పోవడానికి ఆయనకు మొహం చెల్లలేదు. భార్య ప్రమీలమ్మే పోయింది.

"అమ్మాయ్, మా ఆయన నిన్ను నలుగురిలో ఎగతాళి చేసినాడంట గదా. మనసులో పెట్టుకోబాక. ఇప్పుడు ఎగతాళి చేసేదానికి గూడా గొంతు లేదు ఆయనకి."

ఆనందకుమారి ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. పద్మనాభయ్యగారు ఒళ్లో పలక పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆయన మాటలన్నీ ఆ పలక మీదే.

"రేపటికి ఒక ప్రశ్న కావాల సార్" అన్నది ఆమె. "మీరు జవాబు చెప్పని ప్రశ్న."

'జవాబు చెప్పకపోతే లెక్చరరు దేనికి?' అని రాశారాయన.

"ప్రశ్నకు" అన్నది. "బోర్డు మీద ప్రశ్న రాయండి. ముందు ఎవరికి వాళ్లు ఆలోచించుకోనీయండి. తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకోమనండి. మీరు మాత్రం వేదిక దిగి వెనక గోడ కాడికి పోండి. ఎదురుగా ఉంటే మీ మొహంలో జవాబు వెతుక్కుంటారు. వెనక నిలబడి వినండి."

'ఏమి వినాలి?'

"నాకు మాత్రం ఏం తెలుసు సార్? వింటే గదా తెలిసేది."

ఇద్దరూ కూర్చుని ప్రశ్న తయారు చేశారు. పద్మనాభయ్యగారు జూలైలో 'ల్యాండ్ అండ్ సీ బ్రీజెస్' పాఠానికి నోట్సు చెప్పి ఉన్నారు. నెలసరి పరీక్షలో అందరూ బాగా రాశారు. బాగా వచ్చిన పాఠంతో మొదలుపెడితే పిల్లలు జంకరు కదా అని ఇద్దరూ అనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మామూలుగానే క్లాసుకు బయల్దేరారు. ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. ఆడపిల్లలు తమ విశ్రాంతి గదిలోనే కూర్చోవాలి. లెక్చరరు ఆ గుమ్మం దాటి పోతుంటే లేచి, ఆయన వెనక వరసగా క్లాసుకు పోయి, ముందు బెంచీల్లో కూర్చోవాలి. పాఠమయ్యాక ఆయన వేదిక దిగగానే లేచి, ఆయన వెనకే బయటికి రావాలి. మగపిల్లలున్న గదిలో లెక్చరరు తోడు లేకుండా ఆడపిల్ల నిలవకూడదు. అందరికీ అలవాటైపోయి, ఇదొక పద్ధతి అన్న ధ్యాస కూడా ఎవరికీ ఉండేది కాదు.

ఆయన బోర్డు మీద తెలుగులో రాశారు: 'ఇప్పుడు ఈ కిటికీలోంచి వస్తున్న గాలి ఎక్కడిది? ఎందుకు వస్తోంది?'

కాలేజీ బోర్డు మీద తెలుగు అక్షరాలు చూసి పిల్లలు ఉలిక్కిపడ్డారు. తర్వాత బుద్ధిగా ఆ ప్రశ్నను పుస్తకాల్లోకి ఎక్కించుకుని, జవాబు రాసుకోవడానికి పెన్నులు ఎత్తిపట్టుకున్నారు.

తాను చెప్పేదేమీ లేదన్నట్టు ఆయన నోటి మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపారు. పక్కపక్కవాళ్లు మాట్లాడుకోమని చేతులతో సైగ చేశారు. ఒక్కరూ కదల్లేదు. సరే, తాను ఎదురుగా ఉండబట్టే కాబోలని, ఆనందకుమారి చెప్పినట్టు వేదిక దిగి నడిచారు.

ముందు బెంచీల్లో ఆడపిల్లలు లేచారు. పుస్తకాలు గుండెలకు హత్తుకుని, తలలు దించుకుని, ఆయన వెనకే నడిచారు.

ఆయనకు ఆ సంగతి తెలియదు. వెనక గోడ దాకా పోయి, ఇటు తిరిగి చూసి కొయ్యబారిపోయారు. ఎదురుగా వరసగా ఆడపిల్లలు! వాళ్ల ముందు లెక్చరరు, ఆయన వెనక గోడ, చుట్టూ మగపిల్లలు. ముందున్న పుష్పకుమారి తలెత్తి చూసింది. ఇది వాకిలి కాదని అప్పుడు తెలిసి, ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

'వెనక్కి పోండమ్మా' అన్న ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాటే ఆయన దగ్గర లేదు. కంగారులో రెండు చేతులూ కిందికి ఊపారు. 'పోయి మీ చోట్లలో కూర్చోండి' అని ఆయన భావం. 'ఇక్కడే కూర్చోండి' అని వాళ్లకు అర్థమైంది. ఎవరి పక్కనున్న బెంచీ మీద వాళ్లు కూర్చున్నారు. ఆ బెంచీల మీది మగపిల్లలు నిప్పు తొక్కినట్టు లేచి గంతేశారు. హజరత్తయ్య అనే పిల్లవాడు ఒక్కడే, లేవడానికి చోటు లేక, బెంచీ చివర ఒంటి పిర్ర మీద బిగుసుకుపోయాడు.

అంతలో తూర్పు కిటికీలోంచి గాలి వచ్చి కాగితాలు ఎగరేసింది.

"ఇక్కడ గాలి ఇంత బాగా తగులుతాదా!" అన్నది పుష్పకుమారి, ఎవరితోనో కాదు, తనలో తానే.

"మధ్యాన్నం దాటితే వస్తాది" అన్నాడు హజరత్తయ్య గోడకేసి చూస్తూ.

"ఎందుకు?"

"సముద్రంలో పోటు లేస్తాది గదా. అలలు తోసేస్తాయి."

"అలలు రాత్రి గూడా ఉంటాయి. రాత్రి ఈ గాలి ఉండదే."

"కాదు లేమ్మా, సరుగుడు తోపులు లాగుతాయి ఆ గాలిని" అన్నాడు నిలబడ్డవాడొకడు. "మా నాయన చెప్పినాడు."

హజరత్తయ్య అంటే ఎవరనుకున్నారు? ఆ నెలసరి పరీక్షలో క్లాసుకల్లా మొదటివాడు. పద్మనాభయ్యగారు చెప్పిన వాక్యాలు కామా పోకుండా రాసినవాడు.

పుష్పకుమారికీ అనుమానం వచ్చింది. "నోట్సులో సీ బ్రీజ్ అని రాసుకున్నాం గదా. అది ఇదేనా?"

హజరత్తయ్య నవ్వాడు. "అది పరీక్షలో గాలి. ఇది మనూరి గాలి. అదీ ఇదీ ఒకటెట్టా అవుతాది?"

చుట్టూ ఉన్నవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. ఆ తలలు ఊగడం చూసి పద్మనాభయ్యగారు నోరు తెరిచారు, అరవాలని. ఏమీ రాలేదు. గోడకు ఆనుకుని వింటూ నిలబడడం తప్ప చేయగలిగింది లేదు.

వాళ్లు ఊరుకోలేదు. ఇసక సంగతి వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఒడ్డున నడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయని ఒకడన్నాడు. నీళ్లలో కాలు పెడితే చల్లగా ఉంటుందని ఇంకొకడు. "ఎండ రెండింటి మీదా ఒకటే గదా, మరి ఇసక ఎందుకు కాలుతాది, నీళ్లు ఎందుకు కాలవు?" అని పుష్పకుమారి అడిగింది. దానికి హజరత్తయ్య పూర్తిగా ఆమె వైపు తిరిగి కూర్చుని జవాబు చెప్పబోయి, చెప్పలేక తల గీరుకున్నాడు. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. పద్మనాభయ్యగారు బయటికి పోయి, వరండాలో కొంత దూరం నడిచి వెనక్కి చూస్తే ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు. లోపల ఇంకా పోట్లాడుకుంటున్నారు.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. ఆనందకుమారి రొప్పుకుంటూ వచ్చింది.

"ఏంది సార్ ఈ ఘోరం! ఆడపిల్లల్ని మగపిల్లల బెంచీల మీదికి తోలుకుపోయినారంట?"

'నేను తోలుకుపోలేదు. వాళ్లే వచ్చినారు' అని రాసి చూపించారు.

ఆమెకు అప్పుడు తట్టింది. అరుగు మీద కూలబడింది. "నేను చదివిన మద్రాసు కాలేజీలో అందరం ఆడపిల్లలమే సార్. లెక్చరరు యాడికి పోయినా ఎవురూ లేచేవాళ్లు కాదు. ఈ ముక్క నాకు తోచనేలేదు."

పద్మనాభయ్యగారు ఆ సంగతి వదిలేయమన్నట్టు చెయ్యి విసిరారు. పలక తుడిచి, 'వాళ్లకు ఏమీ తెలియదు' అని రాశారు. తర్వాత అదీ తుడిచి, 'ఇన్నేళ్లుగా నేను ఏమీ చెప్పలేదు' అని రాశారు.

వంటింటి గుమ్మంలో ప్రమీలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత మాట ఆయన తన గురించి అనుకోవడం ఆ ఇల్లాలు ఎప్పుడూ ఎరగదు.

"చెప్పినారు సార్" అన్నది ఆనందకుమారి. "వాళ్లు మళ్లీ మనకు చెప్తుంటే వినడమే, అది మనమెవురం చెయ్యలేదు. నేను గూడా మద్రాసు శిక్షణలో చూసిందే గానీ ఇక్కడ చేసింది లేదు."

ఆడపిల్లలు ముందు బెంచీలు వదిలి కదలకూడదని ప్రిన్సిపాలు ఆజ్ఞ వేశాడు. ఆనందకుమారి ఆ మాట మీరలేదు. ఆడపిల్లల బెంచీలను ఉన్నచోటనే వెనక్కి తిప్పి, వెనక బెంచీలకు ఎదురుగా పెట్టించింది. "ఇన్నాళ్లూ వీపులు కనపడేవి, ఇప్పుడు మొహాలు కనపడతాండాయి, ఇది ఇంకా ఘోరం గదమ్మా" అని అటెండరు నెత్తి కొట్టుకుంటూనే బెంచీలు జరిపాడు.

రోజూ సాయంత్రం ఆమె రావడం, ఇద్దరూ మర్నాటి ప్రశ్న కోసం తన్నుకులాడడం మామూలైంది. ఒక్కోరోజు ప్రశ్న పారేది కాదు. క్లాసంతా మొద్దులాగా కూర్చునేది. ఒక్కోరోజు పిల్లలే ఎదురుతిరిగేవాళ్లు. "సార్, ఈ మాటలతో మేం పాసు కాలేం. నోట్సు ఇవ్వండి సార్, మీకు దణ్ణం పెడతాం" అని హజరత్తయ్యే ఇంటికి వచ్చి బతిమాలాడు. ఆయన చలించిపోయారు. ఆ రోజు నుంచి పాఠం చివర, వాళ్లు తేల్చుకున్న దాన్ని వాళ్ల చేతనే బోర్డు మీద ఇంగ్లీషులో రాయించి, తప్పులు దిద్దేవారు. ఆ ఇంగ్లీషు చూసి మొదట్లో ఆయన కళ్లు బైర్లు కమ్మాయి.

డిసెంబరులో డాక్టరు మళ్లీ అద్దం పెట్టి చూసి, కాయలు కరిగాయి, అవసరమైతే నాలుగు మాటలు మాట్లాడవచ్చునన్నాడు. ఇంటికి వచ్చి ఆయన "ప్రమీలా" అన్నారు. బొంగురు గొంతు. ఆమె చేతిలో చెంబు జారవిడిచింది. గొంతు వచ్చిన సంగతి ఆయన కాలేజీలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే, చలిపొద్దున మొదటి గంటకే, చెంచురామయ్య చేతికర్ర పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల అంతా గోల. ఆడపిల్లలు మగపిల్లలకు ఎదురుగా కూర్చుని వేళ్లు చూపించి వాదిస్తున్నారు. వేదిక ఖాళీ.

"అయ్యోరు యాడ?" అన్నాడు నివ్వెరపోయి.

వెనక బెంచీ మీద నుంచి పద్మనాభయ్యగారు లేచి నిలబడ్డారు. క్లాసు మొత్తం లేచింది. చెంచురామయ్య వేదిక ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు.

"కానీయండి. పాఠం ఎప్పుడు మొదలవుతాది?"

"పాఠం ఇదే సార్" అన్నాడు హజరత్తయ్య.

"ఇదా? ఇది రచ్చ." ఆయన తల తిప్పి బోర్డు చదివాడు. 'బావినీళ్లు పొద్దున వెచ్చగా, మధ్యాహ్నం చల్లగా ఎందుకు ఉంటాయి?' మొహం చిట్లించాడు. "దీనికా ఇంత గోల? రాత్రిపూట భూమిలో ఉండే వేడంతా నీళ్లల్లోకి ఊరతాది. మా నాయన కాలం నుంచి తెలిసిందే గదా."

పిల్లలు పెన్నులు తీసి ఆ జవాబు రాసుకోబోయారు. స్థలం ఇచ్చిన మనిషి, మాట చెల్లే మనిషి. పెద్దాయన చెప్పేశాడు, అయిపోయింది.

పుష్పకుమారి లేచింది. "అట్టయితే మధ్యాన్నానికి ఆ వేడి యాడికి పోతాది సార్?"

పద్మనాభయ్యగారి పైప్రాణాలు పైనే పోయాయి. 'కూర్చోమ్మా' అంటే చాలు. ఇప్పుడు ఆ మాట ఆయన గొంతులో ఉంది. అంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆ పిల్ల కూర్చుంటుంది. ఇక ఆ గదిలో ఎవరూ ఎప్పటికీ లేవరు. నోరు తెరిచారు. మళ్లీ మూసుకున్నారు.

చెంచురామయ్య కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. "నన్నా పాపా అడగతాండేది?"

"అవును సార్."

ఆయన కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నీళ్లు అట్టే ఉంటాయేమో సార్" అన్నాడు హజరత్తయ్య భయంభయంగా. "పొద్దున మన ఒళ్లే చలిగా ఉంటాది గనక నీళ్లు వెచ్చగా అనిపిస్తాయేమో."

"అంటే నా ఒళ్లు నాతో అబద్ధం చెప్తాదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గబుక్కున లేచాడు. అయిపోయింది, అనుకున్నారు పద్మనాభయ్యగారు. చెంచురామయ్య వేదిక దిగి నేరుగా ఆయన దగ్గరికి వచ్చాడు.

"అయ్యోరూ, జొరం చూసే గాజుకడ్డీ ఉంటాది గదా. నీళ్లకు పెట్టి చూసేది అట్టాంటిది మన కాలేజీలో ఉండాదా?"

పద్మనాభయ్యగారు ల్యాబులోంచి థర్మామీటరు తెచ్చి, ఎట్లా చూడాలో చేత్తో చూపించి ఇచ్చారు. ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని, మారు మాట లేకుండా వెళ్లిపోయాడు. ఉద్యోగం సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు నడుస్తుండగా చెంచురామయ్య మళ్లీ వచ్చాడు. ఒళ్లంతా చెమట. ఎవరినీ పలకరించకుండా వేదిక ఎక్కి థర్మామీటరు పైకెత్తి పట్టుకున్నాడు.

"తెల్లారుజామున మా బావిలో పెట్టి చూసినా. ఇప్పుడూ పెట్టి చూసి వస్తుండా. గీత కదల్లేదయ్యా!" అన్నాడు. ఆయన మొహంలో పట్టరాని దిగ్భ్రమ. "పుట్టినకాడి నుంచి ఆ బావి కాడే నీళ్లు పోసుకుంటుండా. ఒక్క గీత గూడా కదల్లేదు!"

పిల్లలు గొల్లున నవ్వారు. నవ్వులు అణిగాక ఆయన పద్మనాభయ్యగారి కేసి తిరిగాడు. "ఇంతకీ గొంతు సంగతేమైంది?"

"వచ్చింది" అన్నారు పద్మనాభయ్యగారు.

క్లాసంతా బిత్తరపోయింది, మగపిల్లలు వెనక్కి తిరిగారు. బొంగురుగా, చిన్నగా ఉన్న ఆ గొంతు ఆయనదేనా అని చూశారు.

"ఎప్పుడొచ్చింది?"

"నాలుగు రోజులైంది."

"మరి నిన్న ఆ పాప నన్ను నిలదీస్తుంటే నోరెందుకు విప్పలేదయ్యా?"

"అడగతా ఉండింది గదా సార్" అన్నారు పద్మనాభయ్యగారు. అంతకంటే ఇంకేం చెప్పాలో ఆయనకే తెలియలేదు.

ప్రిన్సిపాలు హడావిడిగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా," అన్నాడు చెంచురామయ్య ఆయనతో, "మిగతా అయ్యోర్లకి గూడా ఈ గొంతుజబ్బు ఒక మూడు నెలలు అంటించేదానికి వీలవుతాదా? ఆ బోగోలు అమ్మాయినీ, ఈయన్నీ ఇద్దర్నీ అడిగి చూడు."

థర్మామీటరు బల్ల మీద పెట్టాడు. పోతాడనుకున్నారు అందరూ. ఆయన పోలేదు. వెనక బెంచీ దాకా నడిచి, పద్మనాభయ్యగారి పక్కన కర్ర ఆనించి కూర్చున్నాడు. పుష్పకుమారి లేచి, ఆగిపోయిన చోటు నుంచి మొదలుపెట్టింది.